రెండు ముడుల నూలు

పోయిన నెల మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చి నన్ను పడుకోబెట్టి కొలిచింది. స్నానాలగదిలో జారి నడుం పట్టేసిన దగ్గర్నుంచి నాకు మామూలు మంచం సరిపడటం లేదని, మీట నొక్కితే తలవైపు లేచే మంచం ఒకటి చెన్నై నుంచి తెప్పిస్తున్నానని మా పెద్దోడు అన్నాడు. తరతరాలుగా ఊరందరికీ మంచాలు చేసిన ఇంట్లో ముసలాడికి మంచం బయటి ఊరి నుంచి వస్తోంది, బాగానే ఉంది అనుకున్నాను. ఆ అమ్మాయి చేతిలో చిన్న యంత్రం ఉంది. దాంట్లోంచి ఎర్రటి చుక్క బయల్దేరి నా అరికాలి మీద వాలింది. "కదలగాకు తాతా, ఒక్క నిమిషం," అంది. నేను కప్పు ఎగిరిపోయేట్టు కేకపెట్టి, కిందికి దూకి, గోడ పట్టుకొని నిలబడి, "బతికున్నోణ్ణి పడుకోబెట్టి కొలుస్తారా, నిలబెట్టి కొలవమ్మా" అని గద్దించాను. ఈ మాట ఇప్పటికే చాలామందికి చెప్పాను కాబట్టి ఇక్కడా రాశాను గానీ, నిజానికి అట్లాంటిదేమీ జరగలేదు. నడుం పట్టేసినవాడు దూకేదెక్కడ? గమ్మున పడుకున్నాను. కాలివేళ్లు మాత్రం, నా ప్రమేయం లేకుండా, లోపలికి ముడుచుకున్నాయి. "వేళ్లు చాపు తాతా," అంది. చాపలేకపోయాను. మంచం వచ్చింది, దానిమీదే ఆనుకొని రాస్తున్నాను, సుఖంగానే ఉంది. ఆ వేళ్లు ఎందుకు ముడుచుకున్నాయో చెప్పాలంటే మాత్రం మా తాత అంగడి దాకా పోవాలి.

తిరుపతిలో గోవిందరాజుల గుడి వెనక సందుల్లో ఉండేది ఆ అంగడి. పేరు రాసిన బోర్డేమీ లేదు, అందరూ మంచాలంగడి అనేవాళ్లు. తాత మొదట పుత్తూరు దగ్గర పల్లెలో పొలం దున్నే మడకలు, బండిచక్రాలు చేసేవాడు. కొండకు వచ్చే జనం పెరిగి సత్రాల మీద సత్రాలు లేస్తుంటే, వాటికి బెంచీలు చేద్దామని ఉలీ బాడిసా సంచిలో వేసుకొని తిరుపతికి వచ్చేశాడు. ఒక జమీందారు తన ఊయల కోసం పల్లకి పంపి మా తాతను పిలిపించుకున్నాడని నేను పెళ్లిళ్లలో చెబుతుంటాను. ఆ జమీందారు దగ్గర లెక్కలు రాసే మనిషి ముక్కాలిపీటకు తాత ఒక కాలు వేసిచ్చాడు, అంతే. పల్లకి లేదు, ఎండలో నడిచే పోయాడు. తాత తర్వాత నాయన, నాయన తర్వాత నేను. నేను చెబుతున్న రోజులకు నాకు మీసాలు బాగానే వచ్చాయి, పిల్లను చూడటం మొదలుపెట్టారు, చిత్రిక పడితే చెక్క పేలిక లాగా లేచేది. పేలిక తెగకుండా వాకిలి దాటి వీధిలోకి పోయేదని కూడా అంటుంటాను. వాకిలి దాకా పోయేది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. వేపచెక్క కోస్తే గొంతులో చేదు దిగేది. పనసచెక్క కోసిన రోజు పసుపుపచ్చని పొట్టు అమ్మ వండే సంగటి మీద కూడా వాలేది. ఒక మూల తోళ్లు ఉడికించిన బంక కుండలో గుబగుబలాడుతుండేది, ఆ కంపుకు కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, మాకది అన్నం వాసనతో సమానం. తాత చెవి వెనక పెన్సిలు, ముక్కులో నశ్యం. ఏ చెక్క వచ్చినా ముందు దాని పక్కన కూర్చుని, వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. మధ్యాహ్నం సంగటీ ఊరిబిండీ తిన్నాక అంగడిలో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. బయట ఎండ పెళపెళలాడుతుంటే లోపల పనిబల్లల కింద ఎవరికి వారు ఒరిగిపోయేవాళ్లం. ఆ వేళలో అంగడి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, కొత్తగా కోసిన పలక ఆరుతూ చిటుక్కుమన్నా గుండె అదిరేది. రంపపు పొట్టు ఊడ్చి అమ్మ పొట్టుపొయ్యిలో దట్టించి వంట చేసేది. అయితే ముందుగది పొట్టు మాత్రమే. వెనకగది పొట్టును ఎప్పుడూ పొయ్యిలో వేయలేదు. దాన్ని విడిగా గంపకెత్తి దూరంగా కాలువలో పోసి, కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చేది.

వెనకగదిలో మేం పెట్టెలు చేసేవాళ్లం. చర్చికి పోయే కుటుంబాల్లో ఎవరైనా పోతే, అటు చిత్తూరు నుంచి కూడా, మా అంగడికే వచ్చేవాళ్లు. మిగతా వడ్రంగులు ఆ పని ముట్టుకునేవాళ్లు కాదు. మా తాతను అడిగితే, "అదీ మంచమే గదప్పా. మూతుండే మంచం," అనేవాడు. ఒకే ఇంట్లో రెండు పనులూ చేస్తున్నాం కాబట్టి ఒక కట్టుబాటు మాత్రం పెట్టుకున్నాడు. బతికున్న మనిషిని నిలబెట్టి కొలవాలి. నెత్తి నుంచి మడమ దాకా నూలు వదిలి, అడుగున ఒక్క ముడి వేయాలి. ఆ నూలు ఇంటికి తెచ్చి, మంచం తయారయ్యేదాకా గుమ్మం పైన మేకుకు వేలాడదీయాలి. చనిపోయిన మనిషిని పడుకున్నట్టే కొలవాలి. పడుకున్న మనిషి పాదాలు సాగి ఉంటాయి కాబట్టి మడమ దగ్గర ఒక ముడి, బొటనవేలి కొసన ఇంకో ముడి. ఆ నూలు మాత్రం ఇంటికి రాకూడదు. పొడుగు ఒక కర్ర మీద గీసుకొని, నూలును అక్కడే శవం పక్కన పెట్టి, పెట్టెలో దాంతోనే పంపేయాలి. ఎందుకని ఒకసారి అడిగాను. "నూలుకు మనిషి మొకం తెలీదురా అబ్బోడా. పొడుగొకటే తెలుసు. ఇంటికి తెస్తే ఆ పొడుగుండే వోణ్ణి ఎతుక్కుంటాది," అన్నాడు తాత, ఉలి నూరుకుంటూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా.

కార్తీకం ముందు వానలు మొదలయ్యే రోజుల్లో నగరి నుంచి కబురు వచ్చింది. వేలాయుధం అని ఒక చేనేత మనిషి, నడుం పడిపోయి చాప మీదే ఉన్నాడు, మగ్గం పక్కన వేసుకోను మంచం కావాలట. నాయనా నేనూ బస్సెక్కి పోయాం. ఇల్లంతా గంజి వాసన. గుంతలో కాళ్లు పెట్టి ఆయన భార్య కన్నెమ్మ మగ్గం నేస్తోంది. పక్కనే చాప మీద వేలాయుధం, పొడుగాటి మనిషి, గోడకు ఆనించిన నిచ్చెన కింద పడినట్టు పడి ఉన్నాడు. పడి ఉన్నా నోరు మాత్రం లేచే ఉంది.

"పేక బిగువుగా కొట్టు. అది చీరా, చేపల వలా?" అంటున్నాడు భార్యను.

"నువ్వు లేసొచ్చి కొట్టు. అంతసేపూ నేను పడుకుంటా," అంది కన్నెమ్మ, చేయి ఆపకుండానే.

నాయన ఆయన్ను నిలబెట్టబోయాడు. నేనొక రెక్క, నాయనొక రెక్క. నడుం లేవగానే ఆ మనిషి పెట్టిన కేకకు మగ్గం ఆగింది. మళ్లీ ప్రయత్నించాం. ఈసారి కేక కూడా రాలేదు, కళ్లలో నీళ్లు మాత్రం జారాయి. మా నాయనది మెత్తటి గుండె. "వొద్దులేప్పా, పడుకో. ఎట్లుండావో అట్లే కొలుస్తా," అన్నాడు. సంచిలో చూస్తే మా నూలుకండె లేదు, ఇంట్లో మరిచిపోయాం. కన్నెమ్మ గంజి పట్టించిన పోగులు కొన్ని తీసి, తొడ మీద పేని ఇచ్చింది. నాయన తలవైపు, నేను కాళ్లవైపు పట్టుకున్నాం. కొలిచాక నాయనే ముళ్లు వేసి, చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వేలాయుధం ఒకటే మాట అడిగాడు. "మగ్గం కనపడేట్టు ఎత్తుండాల ఆచారీ. ఈమె ఏం నేస్తాందో నేను సూడాల." ఎత్తు ఎంత ఉండాలో నాయన చేత్తో చూపించాడు. ఆయన కళ్లు పెళ్లికొడుకు కళ్లలాగా మెరిశాయి.

మర్నాడు పొద్దున్నే నాయన ఆ నూలు ప్రకారం మంచంపట్టెలు కోసేశాడు. నూలు మేకుకు వేలాడుతోంది, కొస గడపరాయికి తాకుతోంది. తాత పళ్లు తోముకొని లోపలికి వస్తూ, అలవాటుగా దాన్ని పై నుంచి కిందికి వేళ్లతో దువ్వాడు. అడుగున ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"ఎవురి నూలురా ఇది?"

"నగరి ఆయప్పది. మగ్గమాయప్ప."

"పొయినాడా?"

"లే, ఉండాడు."

"ఉండే మనిషికి రెండు ముళ్లు యాల ఏసినావ్?"

నాయన తన చేతులకేసి చూసుకున్నాడు. అవి ఎవరో ఇచ్చిపోయిన చేతులన్నట్టు చూసుకున్నాడు. "నిలబళ్లేకపోయినాడు నాయనా. లేపితే అరుస్తాండాడు. సరే పడుకోమన్నా. ముళ్లు..." అని ఆగి, "చేతులే ఏసేసినాయి," అన్నాడు. ఎన్నో ఏళ్లుగా పడుకున్న మనిషి అంటే మడమకొకటి, వేలికొకటి అని వేసిన చేతులవి. ఆ ముళ్లు వేసేటప్పుడు కాళ్ల దగ్గర నేనే ఉన్నాను, నాకూ అది సహజంగానే కనిపించింది. ఊళ్లో ఇంకే వడ్రంగికీ ఆ తప్పు జరగదు.

"దీన్ని వాపసు తీసుకపో. ఆయప్పకే ఇచ్చిరా," అన్నాడు తాత.

"ఏమని ఇచ్చేది? ఇదో నీ సావు, దిండు కింద పెట్టుకో అనా?"

"ఈడుంటే మనలో ఒకరిని ఎతుక్కుంటాది."

"ఎతుక్కోనీ. ఆయప్ప మగ్గం సూడాలంటాండాడు నాయనా. నేను కొలిసింది మంచానికి. పెట్టెకు కాదు."

అంతటితో ఆ మాట ముగిసింది. మా ఇంట్లో వాదనలు ఎప్పుడూ పెద్దవి కావు, ఉలి చప్పుడు మొదలైతే ఆగిపోతాయి. వానలు పట్టుకున్నాయి. గోడలు చెమర్చాయి, చెక్కలు ఉబ్బాయి. ఒకరోజు అమ్మ గడప ఊడుస్తూ చీపురు ఆపి నిలబడింది. గడపరాయికి తాకుతుండిన నూలు కొస ఇప్పుడు రాయికి బొటనవేలంత ఎత్తున ఉంది. మర్నాడు ఇంకాస్త పైకి పోయింది. "నూలు పైకి పోతాండాది," అంది అమ్మ. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పేనిన పోగు చెమ్మ తగిలితే పొట్టిదవుతుందని తర్వాతెప్పుడో ఒక మిల్లుమనిషి నాకు విడమరిచి చెప్పాడు. ఒప్పుకున్నాను. కానీ ఎండ కాసిన రోజు కూడా అది తిరిగి సాగలేదు. ఉన్నచోటే ఉండి, మళ్లీ మబ్బు పట్టగానే అక్కడి నుంచే పైకి కదిలేది, కూలిపని ఆపిన చోటే మొదలుపెట్టినట్టు.

అమ్మ నన్ను మేకు కింద నిలబెట్టి, నా నెత్తికీ మేకుకీ మధ్య సందును అరచేత్తో కొలిచింది. కిందికి వంగి, నూలు కొసకీ గడపకీ మధ్య సందును అదే చేత్తో కొలిచింది. రెండూ సమానమైతే నూలు నా పొడుగన్నమాట. ఇంట్లో నేనే పొడుగు, అందుకే ముందు నా వంతు. ఆ రోజు రెండూ సమానమయ్యాయని, ఆ క్షణమే నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చిందని, మృత్యువు నన్ను కొలిచి వదిలేసిందని నేను జీవితమంతా చెప్పుకున్నాను. ఆ మాట విని నా భార్య పెళ్లైన కొత్తలో నన్ను గౌరవంగా చూసేది కూడా. రెండూ సమానమైన మాట నిజమే. జ్వరం కాదు, కడుపునొప్పి, పుత్తూరు బస్టాండులో తిన్న బజ్జీలది. నన్నెవరూ ఎతుక్కోలేదు. నూలు నా దగ్గర ఒక్క రోజు కూడా ఆగలేదు, దాటి పైకి పోయింది.

అది నాయన పొడుగు దగ్గర ఆగింది.

అదే రోజుల్లో నాయన మద్దిదుంగ ఎత్తబోయి కూలబడ్డాడు. నడుం. ఆసుపత్రిలో సూది వేసి పంపేశారు. పనిబల్ల పక్కన చాప మీద పడుకుంటే లేవలేడు, లేపితే కేక. వేలాయుధం పెట్టిన కేకే. గొంతు వేరు, కేక అదే. అమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. ముసురు పట్టే ఉంది, చెమ్మ కారుతూనే ఉంది, అయినా నూలు కదలడం లేదు. "మామా, నిన్నా కదల్లే, ఈపొద్దూ కదల్లే," అని అమ్మ తాతకు చెప్పింది, పక్కింట్లో వినపడకుండా గొంతు తగ్గించి. తాత తల ఊపాడు. ఆ మధ్యాహ్నం అందరూ ఒరిగాక వెనకగదిలోంచి టక్ టక్ మని చప్పుడు వినిపించింది. ఎవరూ లేని గదిలో కొడతి తనంతట తాను లేచి మేకులు దిగగొడుతోందని మనవళ్లకు చెప్పి వాళ్లను పరుపులో దూరేట్టు చేశాను. కొడతి లేవలేదు. లోపలికి పోయి చూస్తే తాత. పలకల మధ్య కూర్చుని, ఒక్కొక్కటీ వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. మంచి పలకలు ఏరి పక్కన పెడుతున్నాడు. కొడతే లేచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఎవురికి తాతా?" అన్నాను.

"గమ్మునుండు," అన్నాడు.

"తాతా, నగరికి పోదాం. ఆ నూలు ఆయప్పకే ఇచ్చేద్దాం." ఆ మాట అన్నది నేను. ఆ పొద్దు వేలాయుధం నాకు మనిషిగా గుర్తురాలేదు, పొడుగుగానే గుర్తొచ్చాడు.

తాత నూలు మేకు మీంచి తీసి, చుట్టి, పంచె మడతలో దోపుకున్నాడు. నాయన చాప మీద నుంచే చూశాడు. "పోగాకు నాయనా," అన్నాడు. "నీకు దండం పెడతా. ఆయప్పను సంపగాకు." తాత వెనక్కి తిరక్కుండా గొడుగు తీసుకొని వాన్లోకి దిగాడు.

తాతా నేనూ నగరి చేరేసరికి కన్నెమ్మ మగ్గంలో ఉంది. వేలాయుధం మమ్మల్ని చూసి తల ఎత్తాడు. "పెద్దాచారీ! మంచం తెచ్చినారా? ఇదో, ఈడ జాగా ఊడ్పించి పెట్టినా. మీ కొడుకు బలే మనిషప్పా. నన్ను లేపొద్దన్నోడు ఆయనొక్కడే. లేపినోళ్లంతా నన్ను ఏడిపించినోళ్లే." నిజంగానే మగ్గం పక్కన మంచమంత నేల అలికి, ముగ్గు కూడా వేసి ఉంది. తాత దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయన చేయి పంచె మడత దగ్గరికి పోయింది, అక్కడే ఉండిపోయింది. నేను లోపల ఒకటే అనుకుంటున్నాను: ఇచ్చెయ్ తాతా, ఇచ్చెయ్, బిన్నా, తొందరగా ఇచ్చేసి పోదాం.

"ఆ పొద్దు మా వోడు నిన్ను యాడ కొలిసినాడు?" అని అడిగాడు తాత.

"ఈడనే. ఈ సాప మీదనే."

"రోంత జరుగు."

ఇక్కడ నేను కలిపింది ఏమీ లేదు. తాత తలపాగా తీసి పక్కన పెట్టి, వేలాయుధం పక్కన ఆ చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. వేలాయుధం నవ్వాడు. "ఏంది పెద్దాచారీ, మీకూ నడుం నొప్పా?" అన్నాడు. తాత నవ్వలేదు. నూలు తీసి నా చేతికిచ్చాడు. "అబ్బోడా, ఆయప్ప ముళ్లు ఇప్పు. నావి ఎయ్."

"ఇప్పొచ్చా తాతా?"

"ఒకరి బదులు ఇంకొకరుంటే ఇప్పొచ్చు."

ముళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. పళ్లతో విప్పాను, నోట్లో గంజి పులుపు. తాత నెత్తి నుంచి నూలు లాగాను. తాత పొట్టి మనిషి, నూలు ఇంకా చాలా మిగిలింది. మడమ దగ్గర ఒక ముడి వేశాను. పాదాలు సాగదీశాడు, చెప్పకుండానే, అలవాటున్నవాడిలాగా. బొటనవేలి దగ్గర ఇంకో ముడి వేశాను. ఆ వేలు చల్లగా ఉంది. వానలో నడిచొచ్చిన కాలు కదా, చల్లగానే ఉంటుంది. మగ్గం ఎప్పుడు ఆగిందో తెలియదు. తల ఎత్తి చూస్తే కన్నెమ్మ పేక నేసే నాడె చేతిలో పట్టుకొని మమ్మల్నే చూస్తోంది. వేలాయుధం నవ్వూ ఆగిపోయింది. చాప మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన, కప్పుకేసి చూస్తూ. తాత లేచి, మిగిలిన నూలును కత్తితో తెంపి కన్నెమ్మకు ఇచ్చాడు. "ఇది మగ్గానిదేనమ్మా, మగ్గంలో కలుపుకో," అన్నాడు. ముళ్లున్న ముక్కను చుట్టి తన మొలతాడుకు కట్టుకున్నాడు. బయటికి వచ్చాక నాతో ఒకటే మాట అన్నాడు. "ఇంట్లో సెప్పగాకు."

బస్సులో, పడుకున్న మనిషి ముక్కులాగా ఉండే నగరి కొండ మబ్బులో కలిసిపోయే చోట, తాత నా భుజం మీద తల వాల్చి ప్రాణం వదిలాడని నేను చెప్పడం విన్నవాళ్లు ఉంటారు. వాల్చింది నిద్రకు. గురక కూడా పెట్టాడు.

ఇంటికి రాగానే నాయన, "నూలేది?" అన్నాడు. "ఇచ్చేసొచ్చినా," అన్నాడు తాత. నాయన గోడవైపు తిరిగాడు. ఆ రోజు నుంచి తన తండ్రితో మాట్లాడటం మానేశాడు. నాయన మర్నాడే లేచి దుంగ ఎత్తాడని చెప్పాలని నాకు ఉంటుంది. కాదు, మెల్లగా కోలుకున్నాడు, ముందు కూర్చుని, తర్వాత గోడ పట్టుకొని, వానలు వెనకబట్టేసరికి పనిబల్ల దగ్గరికి వచ్చాడు. తాత పక్కనే ఉన్నా, "మీ తాతను బాడిస ఇయ్యమను," అని నాతో అనేవాడు. బాడిస తాత చేతి నుంచి నా చేతికి, నా చేతి నుంచి నాయన చేతికి వచ్చేది. తాత సంగటి ముద్ద సగం తిని చెయ్యి కడిగేస్తున్నాడు. అమ్మ గమనించింది, చెక్క తేమ ఆరినట్టు మనిషి ఆరిపోతున్నాడు. నిజం నా నాలుక చివర దాకా వచ్చేది. తాత నావైపు చూసేవాడు. మింగేసేవాణ్ణి.

మంచం పూర్తయ్యాక నాయనా నేనూ లారీలో వేసుకొని నగరికి పోయాం. వీధి మొదట్లోనే నాయన ఆగిపోయాడు. "నువ్వు పోయి సూసిరా. ఉండాడో, లేడో," అన్నాడు. ఇంతలో ఆ ఇంట్లోంచి మగ్గం చప్పుడు, దాని మీదుగా గొంతు వినిపించాయి: "అంచు వొంకర పోతాంది, కండ్లుండాయా నీకు?" నాయన పరుగెత్తాడు. లోపలికి పోయి, మంచం సంగతి పక్కనపెట్టి, వేలాయుధం దిండు ఎత్తి చూశాడు, చాప కింద చూశాడు.

"ఏం ఎతుకుతాండావ్ ఆచారీ?"

"నూలు. మా నాయన తెచ్చిచ్చిన నూలు."

"నాకెవురిచ్చినారు? మీ నాయన ఈడ నా పక్కనే పడుకొని, ఈ అబ్బోడితో కొలిపించుకొని, మళ్లా ఎత్తకపోయినాడే. ముసలాయనకు యాలా అట్ల బుద్ధి పుట్టిందో అని మేమూ అనుకుంటాండాం."

నాయన నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. లారీలోంచి మంచం దించడానికి బయటికి పోయాడు. మంచంకోళ్లు నిలబెట్టి, పట్టెలు దిగగొట్టి, నవారు అల్లి, వేలాయుధాన్ని చాపతో సహా ఎత్తి దానిమీద పడుకోబెట్టాం. ఆయన కళ్లు మగ్గం మీదికి పోయాయి. "ఆఁ. ఇప్పుడు కనపడతాండాది నీ దొంగపని," అన్నాడు భార్యతో. కన్నెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇప్పుడు మా పెద్దోడి దుకాణంలో మంచాలకు మనుషుల కొలతలు లేవు, మంచాలకే పేర్లున్నాయి, రాజు సైజు, రాణి సైజు. ఎవరు పడుకుంటారో అడిగే పనిలేదు. పెట్టెలు ఇంకెవరో, ఇంకెక్కడో చేస్తున్నారు. వెనకగది పడగొట్టి అద్దాల గది కట్టాడు, వెలుతురు బాగా వస్తుంది, మధ్యాహ్నం కూడా పాట మోగుతూనే ఉంటుంది. బాగుపడలేదని నేననను. భయం పోయింది. మనిషిని ఎదురుగా నిలబెట్టి, నెత్తి నుంచి మడమ దాకా ఒకసారి చూసే పని కూడా దాంతోపాటే పోయింది. తాత నూరేళ్లు బతికాడని, చివరి రోజు కూడా చిత్రిక పట్టాడని చెబుతుంటాను. మళ్లీ వానలు రాకముందే పోయాడు. ముసలివాళ్లు పోతారు, నూలున్నా లేకున్నా. వేలాయుధం మాత్రం లేచి కర్ర పట్టుకొని నడిచి, ఆ వీధంతా తిట్టుకుంటూ తిరిగాడు. మా నాయన నా పిల్లలకు బొంగరాలు చేసిచ్చేదాకా బతికాడు. ఎవరి పొడుగు ఎవరికి పోయిందో లెక్క తేల్చడం నా వల్ల కాలేదు. తేలనిది అట్లాగే వదిలేసి, ఆ రోజు మంచం ఇచ్చి నగరి నుంచి తిరిగొచ్చిన మధ్యాహ్నం ఒక్కటి చెప్పి ఆపుతాను.

అంగడి నిశ్శబ్దంగా ఉంది. తాత గుమ్మంలో కూర్చుని సానరాయి మీద ఉలి నూరుతున్నాడు. నాయన చెప్పులు విప్పకుండానే నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు.

"లే నాయనా," అన్నాడు. అన్నాళ్ల తర్వాత తండ్రితో మాట్లాడిన మొదటి మాట.

తాత తల ఎత్తి ముందు నావైపు చూశాడు, తర్వాత కొడుకువైపు. "ఎందుకప్పా?"

"లెయ్యి. నిలబడు. నీకు మంచం సేస్తాండా."

"నాకేంటికి మంచం? ఇంతకాలం పలక మీద పడుకోలేదా?"

"నిలబడు నాయనా."

తాత లేచాడు. నేను రెక్క పట్టుకోబోయాను. నాయన నా చేయి తోసేశాడు. "పట్టుకోగాకు. తనే నిలబడాల." తాత గోడకు వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. నాయన కొత్త నూలు తీసి ఆయన నెత్తి మీద పెట్టి, చెవి పక్కగా, భుజం పక్కగా, మొలతాడు పక్కగా కిందికి వదిలి, మోకాళ్ల మీద కూర్చుని మడమ దగ్గర పట్టుకున్నాడు. ముడి వేయాలి. ఒక్క ముడి. వేయలేదు. నూలు రెండు వేళ్ల మధ్య పట్టుకొని, తల వంచుకొని అట్లాగే ఉండిపోయాడు.

"బిన్నా కట్టప్పా," అన్నాడు తాత. "కాళ్లు నొస్తాండాయి."

"రోంత సేపు," అన్నాడు నాయన, తల ఎత్తకుండా. "ఇంకా రోంత సేపు నిలబడు నాయనా."